గళ్ళ చొక్కా వినయ్ కుమార్

మార్కాపురం నుంచి పెద్దదోర్నాల దాకా ఏలీయా బొమ్మల ఎగ్జిబిషను లేని రోడ్డు లేదు. శ్రీశైలం పోయే బస్సులన్నీ ఆ బొమ్మల కాడికి రాంగనే స్లో చేస్తాయి. అడివి చెక్‌పోస్టులో గార్డులు వాటి అందం గురించి మాట్లాడుకుంటా గేటు ఎత్తేది మర్చిపోతారు. ఇదంతా ఏలీయా వాళ్ళమ్మ మగ్దలీనమ్మకు ఫోన్లో చెప్పిన మాట. ఆమె మిరపకాయల కోతకు గుంటూరు దిక్కు పోయి ఉంది. పక్క సాలులో కాయలు కోసే ఆడోళ్ళకు అదే మాట ఇంకొంచెం పెంచి చెప్పుకుంది.

ఇందులో రోడ్డు ఒక్కటే నిజం. బస్సులు స్లో చేసేది గుంతలు చూసి. ఏలీయా బొమ్మలంటే ఫ్లెక్సులు. మార్కాపురంలో కిరణ్ అన్న ఫ్లెక్సు షాపులో ఏలీయా డిజైనరు. కట్టిన ఫ్లెక్సు గాలికి చినిగేదాకా రోడ్డు మీద ఉంటది, చినిగినాక ఎవరో ఒకరు విప్పుకోని పోయి పాక మీద కప్పుకుంటారు. ఏలీయా చేతిపనిని తీరిగ్గా, తల తిప్పకుండా చూసిన జనాభా ఆ చుట్టుపక్కల బర్రెలే.

ఏలీయా చదివింది బి.ఎఫ్.ఏ., పెయింటింగు. బి.ఏ. మధ్యలో ఎఫ్ ఎందుకొచ్చిందో ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. ఫెయిలైనోళ్ళకు ఆ అక్షరం పెడతారేమోనని పాస్టరుగారు ఆ బిడ్డ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసినాడు.

ఆఖరి సంవత్సరంలో కాలేజీకి ఒక సారు వచ్చినాడు. ఆర్టు చదివినోళ్ళ కోసం ఉద్యోగాలు వాకిట్లో నిలబడి ఉన్నాయని తెర మీద చూపించినాడు. యానిమేషనంట, సినిమా సెట్లంట, మ్యూజియమంట, పిల్లల పుస్తకాలంట, బడిలో డ్రాయింగు మాస్టరంట. ఏలీయా పోయి చూసినాడు. హైదరాబాదు యానిమేషను కంపెనీలో ఏనుగు ఎడమ చెవి గీసే ఉద్యోగం దొరికింది. కుడి చెవి గీసేవాడు వేరే అంతస్తులో ఉంటాడు, వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా కలవలేదు. ఏనుగుకు తోక రాకముందే కంపెనీ మూతబడింది. డ్రాయింగు మాస్టరు నోటిఫికేషను కోసం ఎదురుచూసేవాళ్ళలో కొందరు మనవళ్ళను చంకనేసుకోని ఎదురుచూస్తన్నారు. మార్కాపురం వచ్చి పలకరాయి ఫ్యాక్టరీలో చేరితే, రాళ్ళను రంగులవారీగా వేరు చెయ్యమన్నారు. ఏలీయా ఒక రాయి చేతికి తీసుకోని, దాంట్లో ఊదారంగు యాడ అయిపోయి బూడిదరంగు యాడ మొదలయితదో చూస్తా మజ్జానం దాకా కూర్చున్నాడు. సాయంత్రానికి ఇంటికి పంపించినారు. ఇంక మిగిలింది ఫ్లెక్సు.

ఫ్లెక్సులో పని ఏందంటే, ఆధార్ కార్డులో తల కోసి కోటు మీద అతికించడం. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం మూడు ఊర్ల మగోళ్ళందరికీ కలిపి ఉండేది ఒకటే నీలం కోటు, అది ఏలీయా కంప్యూటర్లో ఉంటది. ఎవరు వచ్చినా తెల్లగా చెయ్యమంటారు. చేస్తా చేస్తా పోతే ఒక పెద్దాయన గోడ రంగులో కలిసిపోయి మీసం ఒక్కటే మిగిలింది. ఆయన అదే బాగుందని తీసుకపోయినాడు.

షాపు మీదనే ఏలీయా రూము. ఆదివారం షాపు మూత. కిరణ్ అన్న గిద్దలూరులో అత్తగారింటికి పోతాడు. ఏలీయా గుడికి పోయి ఆఖరి వరసలో కూర్చోని, ఆమేన్ అని లేచి వస్తాడు. వారమంతా వందల మొహాలు కడిగి, పౌడరు పూసి, నవ్వించి పంపించినవానికి ఆ పూట రూములో ఒక్క మొహం కనపడదు. అద్దంలో ఉండేది లెక్కలోకి రాదు. కాలేజీ స్నేహితులకు ఫోను చేస్తే, మీటింగులో ఉన్నా మామా, మళ్ళీ చేస్తా అంటారు. ఆ మీటింగులు ఇంకా అయిపోలేదు.

అట్లాంటి ఒక ఆదివారం ఏలీయా కంప్యూటరు ముందు కూర్చోని, ఎవరి ఫోటో పెట్టుకోకుండా, ఒక మొహం గియ్యడం మొదలుపెట్టినాడు. తర్వాత ఆదివారం కూడా గీసినాడు. వానాకాలం అంతా గీసినాడు. ముప్పై దాటిన మనిషి. నెత్తి మీద వెంట్రుకలు కొంచెం వెనక్కు జరిగినాయి. ముందుపన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కింది. ఇప్పుడే ఏదో మాట విని నవ్వబోతన్నట్టు ఉంటాడు. కోటు వెయ్యలేదు. సొంత మనిషికి ఊరందరి కోటు ఏందని, గళ్ళ చొక్కా గీసినాడు. పేరు వినయ్ కుమార్ అని పెట్టినాడు. ఆ పేరు వింటే ఏ కులమో, ఏ గుడికి పోతాడో ఎవరికీ తెలీదు. ఏ ఇంటికైనా సరిపోతాడు.

మొదటిసారి ఒక పుట్టినరోజు ఫ్లెక్సులో అడుగు వరసలో ఒక గడి ఖాళీ వస్తే, వినయ్ కుమార్‌ను నిలబెట్టి చూసినాడు. ఎవరూ అడగలేదు. తర్వాత ఒక పెండ్లి ఫ్లెక్సులో పెట్టినాడు. పెండ్లికూతురు వాళ్ళు పెండ్లికొడుకు దిక్కు మనిషనుకున్నారు, పెండ్లికొడుకు వాళ్ళు అవతలి దిక్కు అనుకున్నారు. అడిగితే మీ చుట్టాన్ని గుర్తుపట్టలేదా అని మాట వస్తదని ఇద్దరూ మర్యాదగా గమ్మునున్నారు. ఇంక వినయ్ కుమార్‌కు తీరిక లేకుండా పోయింది. ఒకే పొద్దు గిద్దలూరులో పెండ్లికి, పుల్లలచెరువులో సంస్మరణకు హాజరయినాడు. రెండు పార్టీలకూ స్వాగతం పలికినాడు. జిల్లాలో అంతమంది బంధువులు ఉండేవాడు ఇంకొకడు లేడు. దోర్నాల కూడలిలో బస్సు మారేటప్పుడు ఏలీయా పైకి చూస్తే, కరెంటు స్తంభం మీద గళ్ళ చొక్కా కనపడేది. మనోడు ఒకడున్నాడులే అనిపించేది. బస్సు కదిలిందాకా అట్లనే నిలబడేవాడు.

అట్ల ఏడాది దాటినాక, ఎండాకాలం మొదట్లో హెలెన్ షాపుకు వచ్చింది. యర్రగొండపాలెం దాటినాక ఒక పల్లె ఆమెది. మొగుడు శ్యాంసన్ హైదరాబాదులో తాపీ పని. కూతురు పెద్దమనిషైంది, ఫంక్షనుకు ఫ్లెక్సు కావాలంది. ఫోన్లో ఫోటోలు చూపించింది. ఎడమ దిక్కు వేసేదానికి నాయన వైపు వాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, ఇంకొంచెం ఉంటే పంచాయతీ ఎలక్షను పెట్టొచ్చు. కుడి దిక్కు, తల్లి వైపు వేసేదానికి ఒక్క ఫోటో ఇచ్చింది. అది ఆమెదే.

హెలెన్ మిషను హాస్టల్లో పెరిగిన మనిషి. అమ్మానాయన ఎవరో తెలీదు. వాళ్ళ పల్లెలో ఆడపిల్ల ఫంక్షనుకు ప్రార్థన చేసేది పాస్టరే అయినా, మొదటి బట్టలు పెట్టేది మేనమామ. ఇది బైబిలు వాక్యంలో లేదు, ఊళ్ళో ఉంది. పుట్టిల్లు లేని కోడలని అత్త ఎలీషబా పదిహేనేళ్ళుగా పొద్దునొక మాట, మాపటికొక మాట అంటానే ఉంది. ఇదంతా హెలెన్ ఏడుస్తా చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. పోతా పోతా ఒకటే మాట అడిగింది.

"నా ఫోటో కొంచెం పెద్దది వెయ్యి తమ్ముడూ. ఆ పక్క ఖాళీ కనపడకూడదు."

ఏలీయా పెద్దది చేసినాడు. రేషను కార్డు ఫోటో అది, పెద్దది చేసే కొద్దీ మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. మొహం ఎంత పెద్దదైతే ఖాళీ అంత పెద్దదైతంది. పక్కన పూలు పెట్టినాడు. పావురం పెట్టినాడు. తీసేసినాడు. ఆఖరికి వినయ్ కుమార్‌ను తీసుకొచ్చి హెలెన్ పక్కన నిలబెట్టి, కింద 'మేనమామ' అని రాసి వాట్సాప్‌లో పంపించినాడు. ఆమె తిడితే, పొరపాటు అక్కా అని తీసేద్దామనుకున్నాడు.

నీలం టిక్కులు పడినాయి. చానాసేపు ఏమీ రాలేదు. టైపింగ్ అని వస్తది, ఆగిపోతది. ఆఖరికి వచ్చింది.

"అన్న కొంచెం చిక్కినట్టున్నాడు. సరే తమ్ముడూ, ప్రింటు కొట్టు."

ఏలీయా రూములో ఒక్కడే కూర్చోని ఆ మెసేజీ చూసి నవ్వినాడు. ప్రపంచంలో వినయ్ కుమార్ గురించి ఏలీయాతో మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

ఫంక్షను దగ్గరపడినాక ఫోను వచ్చింది. హెలెన్ గొంతు తగ్గించి, బస్టాండులో ఎంక్వయిరీ అడిగినట్టు అడిగింది.

"మా అన్న ఎప్పుడొస్తన్నాడు?"

అత్త పొద్దస్తమానం అదే అడుగుతందంట. ఫ్లెక్సు వాకిట్లో కట్టినారంట. చూసినోళ్ళంతా మేనమామ కోసం ఎదురుచూస్తన్నారంట. ఏలీయా అబద్ధానికి తడుముకునే మనిషి కాదు. మీ అన్న మిలిటరీలో ఉన్నాడు, అస్సాంలో, సెలవు ఇయ్యలేదని చెప్పమన్నాడు. మిలిటరీలో ఉండే అన్న బట్టలన్నా పంపిస్తాడు గదా తమ్ముడూ అనింది హెలెన్. బతిమాలినట్టు అనలేదు. నిజంగా ఉండే అన్న మీద చెల్లెలు కొంచెం కోపం చేసుకున్నట్టు అనింది. ఏలీయాకు అదే గుచ్చుకుంది.

మార్కాపురం బజారులో లంగా ఓణీ కొన్నాడు. చెరుకుపూవు రంగు లంగా, మిరపపండు రంగు ఓణీ. నాలుగేళ్ళ బి.ఎఫ్.ఏ. చదువు మొత్తం ఆ రెండు రంగులు కలిపే కాడ ఖర్చుపెట్టినాడు. బస్సెక్కి, ఆటో ఎక్కి పల్లెకు పోయినాడు. వినయ్ కుమార్ స్నేహితుణ్ణి, అన్న పంపించినాడు అని చెప్పి, బట్టలు ఇచ్చి, అన్నం తిని వచ్చేయాలని లెక్క.

షామియానా కాడ జనం ఫ్లెక్సు ముందరే ఉన్నారు. యల్లయ్య అనే పెద్దమనిషి ఈ వినయ్ కుమార్ తనకు బాగా తెలుసని చెప్తన్నాడు. దోర్నాల హోటల్లో కలిసి టీ తాగినారంట. మంచివాడంట గానీ, మాట కొంచెం తక్కువంట. ఏలీయాకు ఒక్క నిమిషం కుళ్ళు పుట్టింది. ఇన్నాళ్ళు కలిసి ఉన్నా తనతో ఒక్కసారి టీకి రాలేదు.

హెలెన్ వంటల కాడి నుంచి ఏలీయాను చూసి తలూపింది, దగ్గరకు రాలేదు. వచ్చింది ఎలీషబా. తెల్లచీర కట్టుకోని, పొట్టిగా, నడుము మీద చెయ్యి పెట్టుకోని నిలబడి, ఎవరు నాయనా నువ్వు అనింది. మేనమామ స్నేహితుణ్ణి పెద్దమ్మా అని ఏలీయా మిలిటరీ, అస్సాం, సెలవు, అస్సాంలో పడని మంచు అన్నీ వరసగా చెప్పినాడు. ఆమె అంతా విని, లోపలికి రమ్మనింది.

లోపలి గదిలో బియ్యం మూటలున్నాయి. వాటి మీద ఒక పాత ఫ్లెక్సు కప్పి ఉంది. ఎలీషబా దాన్ని పట్టుకోని లాగి, వెనక్కు తిప్పింది. అది ఆమె మొగుడిది. ప్రభువునందు నిద్రించిన అని పైన ఉంది. ఏలీయా పనే. ఏ నెలలో చేసినాడో కూడా గుర్తులేదు. అడుగు వరసలో, నీలం కోట్ల మధ్యలో, గళ్ళ చొక్కా నవ్వబోతా ఉంది.

"ఏడాది నుంచి బియ్యానికి వచ్చి దీన్ని ఎత్తినప్పుడల్లా వీని మొహం చూస్తన్నా," అనింది ఎలీషబా. "మా ఆయన తమ్ముళ్ళ దిక్కు మనిషేమోలే అనుకున్నా. ఇప్పుడు నా కోడలికి అన్న అంటన్నారు. హాస్టల్లో పెరిగినదానికి ఇప్పుడు పుట్టుకొచ్చిన అన్న ఎవడు? నా కొడుకు హైదరాబాదులో ఉంటాడు. మొగోడు లేని ఇంటి చుట్టూ తిరిగేవానికి ఎవరైనా అన్న అనే పేరు పెడతారు నాయనా. పొద్దున్నుంచి ఈ మాట నా కొడుకు చెవిన వెయ్యాల్నా వద్దా అని తిరుగుతన్నా. వాడెవడో చెప్పు."

ఏలీయా కాడ ఇంకా నాలుగు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. ఏది చెప్పినా వినయ్ కుమార్ ఇంకొంచెం నిజమైతాడు. వాడు ఎంత నిజమైతే హెలెన్ బతుకు అంత పాడైతది. బయట షామియానాలో శ్యాంసన్ కుర్చీలు వేయిస్తా కేకలేస్తన్నాడు.

"ఎవరూ కాదు పెద్దమ్మా. వాడు లేడు. నేను గీసినా."

ఆమె నమ్మలేదు. మనిషి లేనిది ఫోటో ఎట్ల పడతదని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆమె అరవై ఏళ్ళలో చూసిన ఫోటోలన్నిటి వెనకా ఎవరో ఒకరు ఉన్నారు. ఏలీయా అటూ ఇటూ చూసినాడు. గోడకు చేరేసిన కూల్‌డ్రింకుల అట్టపెట్టె ఒకటి, కిటికీలో మార్కరు ఒకటి కనపడినాయి. అట్టను మోకాలి మీద పెట్టుకోని గియ్యడం మొదలుపెట్టినాడు. నుదురు, కండ్లు, చెవి. రెండు చెవులూ తనే గీసినాడు. ఎలీషబా మొదట దూరం నుంచి చూసింది, తర్వాత వంగి చూసింది. పన్ను మీద పన్ను ఎక్కేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అట్టను తీసుకపోయి ఫ్లెక్సు పక్కన పెట్టి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇది నీ ఉద్యోగమా?" అనింది.

కాదు పెద్దమ్మా, ఇది చదువు, ఉద్యోగం వేరే అన్నాడు ఏలీయా.

ఆ తర్వాత చెప్పాల్సిందంతా చెప్పినాడు. ఖాళీ చోటు, పావురం, వాట్సాపు. హెలెన్‌కు ఏమీ తెలీదు, తప్పంతా నాది అన్నాడు. ఎలీషబా ఆ ఆఖరి మాట కాడ ఏలీయాను ఒక చూపు చూసింది. దానికి తెలీకుండానే మా అన్న చలిదేశంలో ఉన్నాడని ఊరంతా చెప్పిందా అని అడిగింది. ఏలీయా తల దించుకున్నాడు.

ఆమె ఫ్లెక్సును మళ్ళీ బోర్లించి మూటల మీద కప్పింది. అంచులు నిదానంగా సర్దింది. బయట పాస్టరుగారు వచ్చినట్టున్నాడు, పిల్లను పిలుస్తన్నారు, మేనమామ బట్టలేవని ఎవరో అడుగుతన్నారు.

"దానికి ఎవరూ లేరని నేనంటా," అనింది ఎలీషబా. "ఇంట్లో అంటా. ఈ ఊరు అంటే ఊరుకోను. ఆ సంచి ఇటియ్యి."

సంచి తీసుకోని బయటికి పోయింది. ఏలీయా తలుపు కాడ నిలబడి విన్నాడు. ఎలీషబా నలుగురిలో నిలబడి, నా కోడలి అన్నకు సెలవు దొరకలేదంట, వానికి డ్యూటీ ముఖ్యం, బట్టలు మాత్రం మనిషిని పెట్టి పంపించినాడు, చూడండి ఎట్లాంటి రంగో అని చెప్పింది. ఏలీయా మిలిటరీ కథలో లేని కాల్పులు కూడా ఆమె కలిపి చెప్పింది. యల్లయ్య అందుకోని, అవును, దోర్నాలలో టీ తాగేటప్పుడు నాతో కూడా అదే అన్నాడని సాక్ష్యం పలికినాడు. పాస్టరుగారు సరిహద్దుల్లో ఉన్న మేనమామ కోసం కూడా ప్రార్థన చేసినాడు. జనమంతా ఆమేన్ అన్నారు. లేని మనిషి క్షేమం కోసం ఆ పల్లె మొత్తం కండ్లు మూసుకోని నిలబడితే, కండ్లు తెరిచి ఉన్నది ఏలీయా ఒక్కడే.

పంతి భోజనాల్లో ఏలీయా చివర కూర్చున్నాడు. పక్కన ఎవరూ లేరు. హెలెన్ గిన్నె పట్టుకోని వచ్చి అన్నం పెట్టింది, కూర పెట్టింది, పోకుండా అక్కడే నిలబడింది. మొహంలో కోపం లేదు. ఆమె కూతురు కొత్త లంగాతో దూరంగా ఫోటోలు దిగుతంది.

"అత్త అంతా అడిగింది, చెప్పినా," అనింది. "ఒకటి మాత్రం ఆమెకు చెప్పలేదు. ఆ పొద్దు నువ్వు పంపిన బొమ్మ వచ్చినప్పుడు, ఫోను పట్టుకోని చానాసేపు కూర్చున్నా తమ్ముడూ. పుట్టినకాడి నుంచి నాకోసమని ఎవరూ ఏదీ చేసింది లేదు. ఈ పిల్లోడు ఎవరో, కూర్చోని, నాకోసం ఒక అన్నను గీసినాడే అనుకున్నా. లోపల మూటల మీద కూడా ఉన్నాడంట గదా. పోయినేడే ఉన్నాడంట."

గిన్నెలో గంటె అట్లనే పట్టుకోని అడిగింది.

"నాకోసం గీసింది కాదా?"

నీకోసమే అక్కా అంటే అయిపోతది. ఇంతకంటే పెద్దవి ఏలీయా నిద్రలో కూడా చెప్తాడు. నోరు తెరిచినాడు. ఆమె ఏలీయానే చూస్తంది. ఫ్లెక్సులో లాగ చుక్కలు చుక్కలుగా విడిపోని మొహం ఆమెది, అచ్చం మనిషి సైజులో. ఏలీయా అన్నం కలిపే చెయ్యి ఆపేసినాడు.

"కాదక్కా," అన్నాడు. "నువ్వు రాకముందే ఉన్నాడు. నాకోసం గీసుకున్నా. ఆదివారం షాపు మూస్తే మాట్లాడేదానికి నాకెవరూ ఉండరు. ఒక మనిషి ఉంటే బాగుంటదని గీసినా. నీ పక్కన ఖాళీ చూసి, మావాడు రూములో ఊరికే ఉన్నాడు గదా, పోయి నిలబడతాడులే అని పంపించినా. అంతే అక్కా. నీకోసం కాదు."